కాగితం ప్రకారం మునక

సొరపాలెంలో తెలివి ఎవరింట్లో ఉందని మీరు అడిగారనుకోండి, ఊరివాళ్ళు నోరు తెరిచే లోపలే దాలయ్య చెయ్యెత్తేస్తాడు. "మా ఇంట్లోనే ఉన్నాదండి. నాకు కొంత, మా గన్నయ్యకి కొంత, మా కారయ్యకి కొంత. మా అన్నదమ్ముల బుర్రలు మూడూ ఓ సోట ఎడితే ఊరంతటికీ సరిపోద్ది" అంటాడు. ఊరివాళ్ళు కాదనరు. ఆ మూడింటినీ ఒకచోట పెట్టవద్దని మాత్రం బతిమాలుకుంటారు.

నిజం చెప్పుకోవాలంటే సముద్రం మీద వాళ్ళకి సాటి లేరు. కళ్ళకి గంతలు కట్టి పడవలో కూర్చోబెట్టినా ఏ నీళ్ళలో ఉన్నారో చెప్పగలరు. తంటా అంతా ఎవరైనా మాట చెప్పినప్పుడే. అందులోనూ ఆ మాట కాగితం మీద ఉంటే ఇంకేముంది, ముగ్గురూ దాని తోక పట్టుకుని బయలుదేరతారు. గోడ అడ్డం వస్తే గోడదే తప్పంటారు.

ఊళ్ళో మగవాళ్ళంతా ఏటా గుజరాత్ వెళ్ళి, వెరావల్‌లో పడవల మీద తొమ్మిది నెలలు పని చేసి వేసవికి తిరిగొస్తారు. దాలయ్య కూడా అంతే. అతనికి మూడున్నరేళ్ళ కూతురుంది, పేరు ముత్యాలు. ఈ ఏడు అతను సంచి భుజాన వేసుకుని ఇంటికొస్తే ఆ పిల్ల, "అమ్మా, ఎవలో వొచ్చినారే" అని వాళ్ళమ్మ చీర చాటుకి పోయింది. వాళ్ళమ్మ రాజులమ్మ నవ్వింది. దాలయ్య కూడా నవ్వాడు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు. రెండు నెలలైనా ముత్యాలు అతనికి నాలుగడుగుల దూరంలోనే ఉంటోంది. పరాయివాణ్ణి చూసినట్టు చూస్తుంది. మళ్ళీ రైలెక్కితే, వచ్చేటప్పటికి ఆ చూపు కూడా ఉండదని దాలయ్య బెంగ.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి హేమలత మేడమ్ దిగింది. ఆవిడది మనుషుల్ని సముద్రంలో ముంచి, మళ్ళీ పైకి తేల్చే పని. సొరపాలేనికి రెండు మైళ్ళ అవతల ఎప్పుడో గాలివానకి మునిగిన సరుకుల ఓడ ఒకటి ఉంది. దాన్ని చూడడానికి జనం వస్తారని ఆవిడ లెక్క. ఇరవై రోజులు అక్కడే మకాం పెట్టి, వీపున గాలి సిలిండరు కట్టుకుని మునగడం ముగ్గురికీ నేర్పింది. చేపపిల్లకి ఈత నేర్పినంత సులువుగా వచ్చేసింది.

"దాలయ్య గారూ, ఆదివారం నలుగురు అతిథుల్ని తీసుకొస్తాను. పడవ మీది, ఓడ చూపించే పని మీది. బాగా జరిగితే ఇక ఏడాది పొడుగునా ఇక్కడే పని. వెరావల్ వెళ్ళక్కర్లేదు. జరగకపోతే ఇంకో ఊరు చూసుకుంటాను" అంది. బుధవారం మేస్త్రీ వచ్చి వెరావల్ వెళ్ళేవాళ్ళ పేర్లు రాసుకుంటాడు. అంటే దాలయ్య ఇంట్లో ఉండడమా, రైలెక్కడమా అన్నది ఆ ఒక్క ఆదివారం తేలుస్తుంది.

వెళ్తూ వెళ్తూ మేడమ్ తప్పంతా తనే చేసింది. ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితం ఒకటి దాలయ్య చేతిలో పెట్టి, "ఇందులో రాసినట్టు తు.చ. తప్పకుండా చెయ్యండి, చాలు" అంది.

అయిదో తరగతి దాకా చదివిన కారయ్య దాన్ని పైకి చదివాడు. దాలయ్య తాడు గుచ్చి మెడలో వేసుకున్నాడు.

మర్నాడు సామాను అద్దెకి తేవడానికి ముగ్గురూ విశాఖ వెళ్ళారు. షాపతను మంచివాడు, ఓపికగా చెప్పాడు. "ఈ కళ్ళద్దం మొహానికి పెట్టుకుని ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి తీసేసినా అంటుకుని ఉంటే అదే మీ సైజు. ముక్కుతో గాలి వదిలారంటే ఊడిపోతుంది."

కారయ్య పెట్టుకుని పీల్చాడు. అతుక్కుపోయింది. అంతే, ఇంక వదల్లేదు.

"తీసెయ్ రా, సంచిలో ఎడదాం" అన్నాడు గన్నయ్య.

"అంటుకోవాలన్నాడు గానీ తియ్యమన్నాడేటి?" అన్నాడు కారయ్య. ముక్కు మూసుకుపోయి, మాట తొట్టిలోంచి వచ్చినట్టు వచ్చింది. "వొదిలితే సైజు పోద్ది."

సైజు పోతుందంటే దాలయ్యకీ భయం వేసింది. "ఒరే, నోటితో పీల్చుకో. ఇంటికెళ్ళేదాకా ఓర్చుకో" అన్నాడు. మూడు గంటల బస్సు ప్రయాణం. అద్దం లోపల కారయ్య కళ్ళు గుడ్లగూబ కళ్ళలా అయ్యాయి. పక్క సీటు పెద్దాయన జాలిపడి, "కళ్ళాపరేషనా నాయనా?" అని అడిగితే, "కాదండి, సరిపోయింది" అన్నాడు. పెద్దాయన లేచి వెనక సీటుకి వెళ్ళిపోయాడు.

బస్సు దిగాక ఊరికి మైలు నడవాలి. చేతిలో ఇనప సిలిండర్లు. దాలయ్యకి షాపతని మాట గుర్తొచ్చింది. "నీళ్ళలో ఉంటే దీని బరువే తెలీదండి" అన్నాడు కదా! తెలివిగలవాళ్ళు అలాంటి మాట మర్చిపోతారా? దాలయ్య వెంటనే రోడ్డు పక్క ఇంటిలో ఓ బకెట్టూ చెంబూ అడిగి తెచ్చాడు. కారయ్య భుజం మీద సిలిండరు, వెనక గన్నయ్య చెంబుతో నీళ్ళు పొయ్యడం.

"తేలికయినాదేట్రా?"

"కొంచెం నయమే అన్నియ్యా."

"సాలదురా గన్నా, ఇంకా పొయ్యి."

రెండు బకెట్లు అయ్యేసరికి దారి జారుడుబండ అయింది. కారయ్య సిలిండరుతో సహా జారి పక్కనున్న పంటకాలవలో పడ్డాడు. నిండా మునిగి, తల ఒక్కటే పైకి పెట్టి, "అన్నియ్యా! ఇప్పుడు బరువే నేదు!" అని అరిచాడు. అద్దం మాత్రం ఊడలేదు. ముగ్గురూ షాపతని నిజాయితీని మెచ్చుకున్నారు. తక్కిన దారంతా కాలవలోంచే వచ్చారు. కాలవ ఊరికి అవతలి వైపు పోతుంది గనక మైలు కాస్తా మూడు మైళ్ళయింది. అయితేనేం, బరువు లేదు.

ఇక కాగితంలో మొదటి మాట, "ఒంటరిగా మునగరాదు. జంటలో ఒకరికొకరు చేతికి అందేంత దూరం దాటిపోరాదు." ఆదివారం దాకా ఎందుకు, ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటే మంచిదని దాలయ్య ఆలోచన. గన్నయ్య, కారయ్య ఒక జంట. ఒకడు గడ్డం గీయించుకుంటుంటే రెండోవాడు మంగలి మోకాలి పక్కన చెయ్యి చాపి కూర్చున్నాడు. మంగలి ఎవరి గడ్డం గీస్తున్నాడో తెలీక ఇద్దరికీ చెరో సగం గీసి పంపేశాడు.

దాలయ్యకి జంట రాజులమ్మ. ఆవిడ చేపల గంప నెత్తిన పెట్టుకుని సంతకి వెళ్తే, చేతికి అందేంత దూరంలో వెనకే నడిచాడు. సంతలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

రాజులమ్మ వెనక్కి తిరిగింది. "తొమ్మిది నెల్లు వెరావల్ల కూకున్నప్పుడు ఈ జంట గురుతు రానేదేటి మావా?"

దాలయ్య మెడలోని కాగితం ఎత్తి చూపించాడు. "అప్పుడు కాగితం నేదు గదే" అన్నాడు.

 ఆ రోజు ఆవిడ చేపలు తూకం వేస్తూ రెండుసార్లు లెక్క తప్పింది.

రెండో మాట ఇంకా గట్టిది. "ఎక్కడ మునుగుతారో ముందే రాసుకోవాలి. రాసినచోటే మునగాలి." ఓడ ఎక్కడుందో ముగ్గురికీ తెలుసు. కిందటి నెలే వాళ్ళ వల దానికి చిక్కుకుని చిరిగి అక్కడే ఉండిపోయింది. కానీ రాయమన్నారు కదా! వాళ్ళ నాన్న బతికుండగా చెప్పిన గురుతు కారయ్య ఆ కాగితం అడుగునే రాశాడు. "దీపస్తంభానికి సూటిగా నీలం ఇల్లు పడేలా రెండు మైళ్ళు పోతే కింద ఓడ."

చిక్కేమిటంటే ఆ నీలం ఇల్లు రిటైరైన పోస్ట్‌మాన్ సాంబమూర్తి గారిది. రెండేళ్ళ కిందట ఆయన దానికి పసుపు రంగు వేయించాడు. ముగ్గురూ వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడ్డారు.

"బాబూ, ఆదివారానికి మీ ఇల్లు నీలం కావాలండి" అన్నాడు దాలయ్య.

"ఎందుకు?"

"ఓడ కోసమండి."

సాంబమూర్తి గారు లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నారు. కిటికీలోంచి, "ఇల్లు అదే కదరా, రంగు ఏదైతేనేం!" అని అరిచారు.

"సదువుకున్నోడే గానీ కాగితం ఇలవ తెల్దు" అని గన్నయ్య జాలిపడ్డాడు. మరి నీలం ఇల్లు ఎక్కణ్ణుంచి వస్తుంది? దాలయ్య బుర్ర మెరిసింది. వాళ్ళ సొంత ఇల్లు ఊరి చివర ఇసకదిబ్బ మీద సముద్రంలోంచి బాగా కనిపిస్తుంది. పడవలకి వేసే నీలం రంగు ఇంట్లోనే ఉంది. ఇంకేముంది, సాయంత్రానికి గోడలూ తలుపులూ నీలం. తలుపుకి ఆనుకుని నిద్రపోతున్న పిల్లి కూడా సగం నీలం. రెండిళ్ళకీ మధ్య అర మైలు దూరం ఉందన్న సంగతి ముగ్గురికీ తెలుసు. కాగితానికి తెలీదు కదా.

ఆదివారం పొద్దున్నే హేమలత మేడమ్, అతిథులూ దిగారు. అందులో ప్రభాకరం అనే భారీ మనిషి ఒకాయన, ఓడ ఫొటోలు తీయాలని మెడలో పెద్ద కెమెరా వేసుకుని ఉబలాటపడుతున్నాడు. పడవ కదిలింది. దీపస్తంభానికి సూటిగా నీలం ఇల్లు చక్కగా పడింది. లంగరు వేశారు. అంతా మునిగారు. పది బారల కింద మెత్తటి ఇసక, ఒక ఎండ్రకాయ.

ప్రభాకరం గారు పైకి తేలి, "ఇదేనా ఓడ?" అన్నాడు.

మేడమ్ దాలయ్య వైపు చూసింది. "ఓడ ఏదండీ?"

"అద్గదిగో, ఆ పక్క అర మైలు" అని దాలయ్య వేలు పెట్టి చూపించాడు.

"తెలిసే ఇక్కడికెందుకు తెచ్చారు?"

"రాసింది ఇక్కడండి. ఓడే తప్పు సోట ఉన్నాది."

"మరి ఒడ్డున ఉన్నప్పుడైనా చెప్పొచ్చు కదా!"

"చెప్పమని కాగితంల నేదండి" అన్నాడు కారయ్య వినయంగా.

అతిథులు గొణుక్కున్నారు. వెనక్కి పోదామన్నారు ఇద్దరు.  బుధవారం వచ్చే మేస్త్రీ దాలయ్య కళ్ళ ముందు కనబడ్డాడు. ఓడ ఎక్కడుందో తెలుసు, తీసుకెళ్ళే చేతులున్నాయి, కానీ కాగితం ఒప్పుకోవడం లేదు. పాపం, ఆ మనిషి తెడ్డు పట్టుకుని నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

హేమలత మేడమ్ తెలివైనది. అతన్ని ఒక నిమిషం చూసింది. సంచిలోంచి పెన్ను తీసి, అతని మెడలో కాగితం తొడుగులోంచి లాగి, నీలం ఇల్లు కొట్టేసి, "కిందటి నెల వల చిక్కిన చోట" అని రాసింది.

అంతే! దాలయ్య మొహం వెలిగింది. దీపస్తంభం వైపు చూడలేదు, ఇంటివైపు చూడలేదు. నీటి రంగు చూసి, ప్రవాహం లాగుడు చూసి, పడవని గురి పెట్టి కొట్టాడు. లంగరు వేస్తే ఓడ పక్కనే దిగింది. 

కింద ఓడ పక్కకి ఒరిగి పడుకుని ఉంది. దాని కిటికీల్లోంచి చేపలు గుంపులుగా వచ్చి పోతున్నాయి. అతిథులు మురిసిపోయారు. "ఓడలో దేన్నీ ముట్టుకోరాదు. ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యాలి" అని కాగితం చెప్పింది గనక గన్నయ్య తన చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని ఈదుతున్నాడు. కాళ్ళు కూడా దాచుకుందామని చూశాడు గానీ కుదరలేదు.

ఇంతలో ప్రభాకరం గారు ఫొటో కోసం ఓడ పక్కకి దూరి, అక్కడ వేలాడుతున్న చిరిగిన వలలో చిక్కుకున్నాడు. భుజాలు గుంజుకున్న కొద్దీ వల బిగిసింది. కళ్ళు పెద్దవయ్యాయి. గాలి బుడగలు గబగబా వస్తున్నాయి. మేడమ్ అవతలి పక్క ఉంది. దగ్గరున్నది దాలయ్య ఒక్కడే.

దాలయ్యకి చెమట పట్టింది, నీళ్ళలో కనబడలేదు గానీ. ముట్టుకోకూడదు. ముట్టుకోకపోతే ఆ మనిషి పోతాడు. అప్పుడు అతని కళ్ళు వల ముడి మీద పడ్డాయి. ఆ ముడి తను వేసిందే! వల ఓడది కాదు, తమది! తమ వలని ముట్టుకోకూడదని ఏ కాగితం చెప్పింది? ఇంకేముంది, ఏళ్ళ తరబడి చిక్కులు తీసిన వేళ్ళు. ఒక ముడి, ఇంకో ముడి, మూడోది, ప్రభాకరం గారు ఊడి బయటికొచ్చాడు. ఆయన దాలయ్య చెయ్యి పట్టుకుని వదల్లేదు.

దాలయ్య మాత్రం ఒక్క క్షణం ఆగాడు. ఉన్నది ఉన్నట్టు వదలమన్నారు కదా, ఈయన్ని మళ్ళీ వలలో పెట్టాలా అని ఆలోచించాడు. ఈలోగా మేడమ్ వచ్చి ఇద్దర్నీ పైకి తీసుకెళ్ళబట్టి ప్రభాకరం గారు బతికిపోయాడు.

ఒడ్డుకొచ్చాక ప్రభాకరం గారు దాలయ్యని కావలించుకున్నాడు. మేడమ్ చెయ్యి కలిపింది. "రేపట్నుంచి రోజూ పొద్దున తొమ్మిదికి పడవ తయారుగా పెట్టండి. పండగలకి కూడా సెలవు దొరకదు, చూసుకోండి. వెరావల్ మేస్త్రీకి మీ పేర్లు రాయొద్దని చెప్పెయ్యండి" అని బండెక్కి వెళ్ళిపోయింది.

దాలయ్య ఇంటివైపు పరుగెత్తాడు. దిబ్బ మీద గుమ్మంలో రాజులమ్మ నిలబడి ఉంది. పక్కన ముత్యాలు. ఒక కాలు దిబ్బ మీద వేశాడో లేదో, వెనకనుంచి కారయ్య కేక.

"ఆగన్నియ్యా! కాగితం ఎనక పక్క కూడా రాసున్నాది!"

దాలయ్య ఆగాడు. కారయ్య కూడబలుక్కుని చదివాడు. "మునక అయిన తరువాత ఇరవై నాలుగు గంటల వరకు ఎత్తైన ప్రదేశాలకు వెళ్ళరాదు." మేడమ్ రాసింది విమానాల గురించీ కొండ ఊళ్ళ గురించీ. వీళ్ళ ఎదురుగా ఉన్న ఎత్తు పాతిక అడుగుల ఇసకదిబ్బ.

దాలయ్య మెల్లగా కాలు వెనక్కి తీశాడు. "పోన్లేరా. రేపు పదకొండుకి ఇరవై నాలుగ్గంటలు నిండుతాయి. అప్పుడెక్కుతాను."

"రేపు తొమ్మిదికి మళ్ళీ మునగాల అన్నియ్యా."

ముగ్గురూ వేళ్ళు మడిచి లెక్క వేశారు. ఎల్లుండీ అంతే. ఆ తర్వాతా అంతే. ఎన్నిసార్లు వేసినా దాలయ్య ఇంటికి వెళ్ళే రోజు రాలేదు.

"మేడమ్‌ని అడుగుదామేటి?" అన్నాడు గన్నయ్య.

"రాసున్నదాన్ని అడిగేదేటిరా, సిగ్గులేక!" అన్నాడు దాలయ్య.

అలా వెరావల్ తప్పించుకున్న మనిషి, సొంత గుమ్మం కనిపిస్తుండగా దిబ్బ కింద పడవ నీడలో తమ్ముళ్ళతో సహా కాపురం పెట్టాడు. పై నుంచి రాజులమ్మ నెత్తి కొట్టుకుంది. ఆవిడ కూడా ఆ ఇంటి మనిషే గనక, "రాసుంటే ఏటి సేస్తాం" అని అన్నం కిందికే మోసుకొచ్చింది. వెనకే ముత్యాలు వచ్చింది. మొదటి రోజు నాలుగడుగుల దూరంలో కూర్చుంది. మూడో రోజు రెండడుగులు. ఆరో రోజు అతని కంచంలో చేప ముక్క తీసుకుని తిని, మోకాలి మీద తల పెట్టి నిద్రపోయింది. దాలయ్య కాలు తిమ్మిరెక్కినా కదపలేదు. అంత సుఖం అతను ఎన్నడూ ఎరగడు.

లేచాక ఆ పిల్ల వేలు పట్టుకుని లాగింది. "ఇంటికి రా నాన్నా."

ఆ మాటకి దాలయ్య లేచి నిలబడ్డాడు. తమ్ముళ్ళని పిలిచాడు. "ఒరే, మనం ఎత్తుకి ఎక్కకూడదు. ఎత్తు మన కాడికి దిగకూడదని ఏడైనా రాసున్నాదేటి?"

కారయ్య కాగితం రెండు వైపులా చదివాడు. "నేదన్నియ్యా!"

అంతే. మూడు పారలు. రాజులమ్మ తన గిన్నెలు కిందికి తెచ్చుకుని, పిల్లని ఎత్తుకుని దూరంగా నిలబడి, "బేగి కానీండి, పులుసు సల్లారిపోద్ది" అంది. ముగ్గురూ దిబ్బ అడుగున తవ్వుతూ, ఇసక వెనక్కి వెనక్కి విసురుతూ, పొద్దు వాలేదాకా ఒళ్ళు దాచుకోకుండా పని చేశారు. ఇల్లు దిగడం మొదలైంది. ముందు మూల దిగింది, తర్వాత గోడ దిగింది, తర్వాత తక్కినవన్నీ తొందరపడి ఒకేసారి దిగాయి. వంటగది ఒక్కటి కప్పుతో సహా ఒరక్కుండా నిలిచింది.

"దిగిందిరా!" అని దాలయ్య చెమట తుడుచుకుని చూశాడు. ఇల్లు కింద ఎక్కడో గోతిలో కనిపించింది. కాళ్ళ కింద చూసుకున్నాడు. తాము విసిరిన ఇసకంతా కుప్పపడి, వెనక్కి జరుగుతూ వచ్చిన ముగ్గురూ దాని నడినెత్తిన నిలబడి ఉన్నారు.

"ఓలమ్మో! ఇప్పుడు ఎత్తు మీదున్నది మనమేరా! దూకండి బేగి!"

దూకారు. వంటగది కప్పు ముగ్గురినీ ఒకేసారి లోపలికి రానిచ్చింది.

దుమ్ము తగ్గాక రాజులమ్మ పిల్లని చంకనేసుకుని వచ్చి తొంగి చూసింది. పెంకుల మధ్య దాలయ్య పొయ్యి పక్కన చతికిలబడి, కాగితం చినగలేదు కదా అని తడిమి చూసుకుంటున్నాడు.

"వొచ్చీసినావేటి మావా" అని, ఆవిడ కంచం కడిగి అన్నం పెట్టింది.